మీ అమ్మకీ నాకూ ఒకే గది

అమ్మడూ,

మీ అమ్మకి అన్నం తినిపించాను. నాలుగింటి మాత్ర నువ్వే వెయ్యి, అరటిపండు ముక్కలో పెడితే మింగుతుంది. పక్కింటి టీచరమ్మ తోడు కూర్చుంది, నువ్వు రాగానే ఆవిడను పంపించు.

నువ్వు మాట్లాడిన వృద్ధాశ్రమానికి వెళ్తున్నాను. డాక్టరు వస్తాడా, మెట్లెన్ని, భోజనం ఎలా ఉంటుంది అని ఫోను స్పీకరులో పెట్టి అన్నీ అడిగావు. మగవాళ్ళు కింద, ఆడవాళ్ళు పైన అని ఆ మేనేజరు అంటే మాత్రం సరే అన్నావు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను తల్లీ.

ఇద్దరికీ ఒకే గది ఇమ్మని అడుగుతాను. జంట మంచం లేదంటే నేనే చేసిస్తానంటాను, ఇన్నేళ్ళూ ఊరందరికీ చేసినవాణ్ణే కదా. కొలతలకి టేపు జేబులో వేసుకున్నాను. కుదరదంటే సంతకం పెట్టను. అప్పుడు పగటిపూట ఇంటికొచ్చే ఆయా కోసం ఇంకో నాలుగు చోట్ల అడుగు. విసుక్కోకు.

నాన్న

మరిచాను. నేనేడని మీ అమ్మ అడిగితే పనికి వెళ్ళానని చెప్పు. పాతరోజుల్లోలాగే గుమ్మంలో నిలబడి చూస్తుంది. లోపలికి రమ్మని లాగకు, అక్కడే కుర్చీ వెయ్యి. ఈమధ్య తను నన్ను గుర్తుపడుతున్నది, నేను పని నుంచి వచ్చినట్టు ఆ గుమ్మం ఎక్కినప్పుడు మాత్రమే.