కరియన్ తాడు

సింగానల్లూరు

ఆటల ఆఫీసు పెద్దలకు సుందరమూర్తి నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలనే ఉంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నేను మిల్లులో ఫిట్టరు పని చేసి రిటైరైనవాణ్ణి. మేం బడిలో అరవం చదివినవాళ్లం. తెలుగు నోటికి వచ్చుగానీ చేతికి రాదు. నేను చెప్తా ఉంటే ఫోనే రాసుకుంటోంది. తప్పులుంటే ఫోన్‌ను తిట్టండి.

మీ ‘పసులదొడ్డి’ ఆటలో మా ఇంటామె కనకం పేరుతో ఒక ఎద్దు ఉంది. దాని పేరు కరియన్. దూడగా తెచ్చుకుని, కడిగి, కొమ్ములకు రంగు పూసి పెంచింది. దాన్ని దిండిగల్ పక్కన ఉండే తన చెల్లెలు వీరాయికి ఇమ్మని నాకు చెప్పింది. వీరాయికీ ఆ ఆటలో దొడ్డి ఉంది. మొన్న బుధవారం మంచి గడియ చూసి ఎద్దును పంపినాను. వీరాయి మర్యాద తప్పకుండా నా ఫోనుకు ఒక రూపాయి వేసి, “బావా, ఎద్దు వెల అందిందా?” అని ఆటలోనే అడిగింది. “అందింది, తోలుకుపో” అన్నాను.

అంతే, ఎర్రగుర్తు పడింది. మీ ప్రాంతంలో ఆట వస్తువులను నిజం డబ్బుకు అమ్మరాదట. ఇప్పుడు ఎద్దు మా దొడ్డిలోనూ లేదు, ఆమె దొడ్డిలోనూ లేదు. నడుమ గేటు దగ్గర నిలబడి ఉంది. గడ్డి మాత్రం వేయనిస్తున్నారు, అంతవరకు మీరు మంచివాళ్లే. దయచేసి గేటు తెరవండి.

ఇట్లు,
సుందరమూర్తి

తా.క.: మా ప్రాంతంలో ఎద్దును అమ్మకూడదని మీకు ఎవరు చెప్పినారు? ఇక్కడ వారంవారం సంత జరుగుతుంది. ఒకసారి వచ్చి చూసిపోండి. భోజనం మా ఇంట్లోనే.

*

పసులదొడ్డి తెలుగు సహాయ విభాగం, హైదరాబాదు

గౌరవనీయ ఖాతాదారు శ్రీమతి కనకం గారికి,

మీ ఫిర్యాదు అందింది. ఆటవస్తువులను నగదుకు అమ్ముకునే వీలు కొన్ని దేశాల్లో ఉంది. మీ ప్రాంతంలో లేదు. మీ సంభాషణలో ‘వెల’, ‘అందింది’ అనే మాటలను మా యంత్రం గమనించి, రెండు ఖాతాలనూ ఆపింది.

ఇది అమ్మకం కాదనీ, ఆ మాటలు పొరపాటున వాడామనీ ఒక్క వాక్యం రాసి పంపండి. ఎద్దును బహుమతిగా పరిగణించి వెంటనే వదిలేస్తాం.

భవదీయురాలు,
ఇందుజ

తా.క.: సంతకు పిలిచినందుకు ధన్యవాదాలు. మా విభాగంలో ఎద్దును దగ్గరగా చూసినవారు ఎవరూ లేరని ఈ సందర్భంగా తెలిసింది.

*

సింగానల్లూరు

అమ్మణి ఇందుజకు సుందరమూర్తి దీవెనలు. మా వైపు ఆడపిల్లలను అమ్మణి అంటాం, కోపం వద్దు.

మీ ఉత్తరం మీద కనకం పేరు ఉంది. కనకం పోయిన నెల పోయింది.

మీరు రాయమన్న వాక్యం నేను రాయలేను. అది అమ్మకమే. మాలో పశువును ఊరికే ఇచ్చేది లేదు, ఊరికే ఇస్తే దొడ్డిలో లక్ష్మి కూడా దాని వెంట పోతుంది. సొంత అన్నదమ్ములైనా ఒక రూపాయి పెట్టాల్సిందే. అట్లాగే పశువును అమ్మినా తాడు ఇవ్వం. కొన్నవాళ్లు తమ తాడు కట్టి తోలుకుపోతారు, పాతతాడు మన దొడ్డిలోనే ఉంటుంది. అందుకే కరియన్ మెడతాడు విప్పి, దొడ్డిలో పెట్టి మరీ పంపినాను.

ఆ తాడు మీదే అక్కచెల్లెళ్లు విడిపోయినారు. వాళ్ల నాయన పెంచిన నిజం కరియన్ ఒకటి వీరాయి ఇంట్లో ఉండేది. కనకం గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చేసరికి, దాన్ని అమ్మేసినానని వీరాయి చెప్పింది. పోనీలే, తాడు తే అంది కనకం. తాడు లేదు. నాయన ఎద్దును తాడుతో సహా అమ్ముకుందా అని ఆ రోజే మాట ఆపేసింది. మళ్లీ మాట్లాడలేదు. ఆటలో మాత్రం చెల్లెలి దొడ్డి పక్కనే తన దొడ్డి వేసుకుంది. పొద్దున లేస్తే అక్కడ పాలు పిండినారా లేదా అని తొంగిచూసేది. అడిగితే, “కంచె చూస్తున్నా” అనేది.

పోయే ముందు నన్ను పిలిచి, “ఎద్దును వీరాయికి ఇయ్యి. తాడు మాత్రం మన దొడ్డిలో పెట్టు. తాడు ఎట్ల నిలుపుకోవాలో అది చూసి నేర్చుకోనీ” అంది. అదే ఆమె కడపటి మాట. నేను తీర్చాల్సింది కూడా అదొక్కటే.

ఇట్లు,
సుందరమూర్తి

తా.క.: ఒక్క రూపాయికి అబద్ధం ఆడినాడని నలుగురూ నవ్వరా? పెద్ద మొత్తమై ఉంటే ఆలోచించి ఉందును.

*

హైదరాబాదు

ఖాతాదారు శ్రీమతి కనకం గారికి, లేదా వారి పేరుతో వ్రాస్తున్న సుందరమూర్తి గారికి,

మీ నిజాయితీ వల్ల వ్యవహారం చిక్కుపడింది. అమ్మకమని మీరే ఒప్పుకున్నారు. పైగా తాడును విడిగా ఉంచుకున్నారు. సరుకును విడగొట్టి పంపడం దొంగ వ్యాపారుల పద్ధతి అని మా తనిఖీ విభాగం అంటోంది.

కాబట్టి రూపాయి వెనక్కి ఇచ్చేయాలి. ఖాతాదారు స్వయంగా క్షమాపణ పంపాలి. వారు మరణించారన్న మీ మాటను మా రికార్డులు ఒప్పుకోవడం లేదు. కనకం గారు ఈ ఉదయం కూడా ఎద్దుకు గడ్డి వేశారు.

భవదీయురాలు,
ఇందుజ

తా.క.: పైదంతా ఆఫీసు మాట. మీరు చెప్పింది నిజమైతే, బాబాయి గారూ, చాలా బాధగా ఉంది. అబద్ధమైతే మీ మీద ఏ చర్యా లేకుండా సంతోషిస్తాను.

*

సింగానల్లూరు

అమ్మణికి దీవెనలు.

గడ్డి వేసింది నేనే. పెద్దకర్మ రోజు ఇంటినిండా చుట్టాలు. అందరూ తల వంచుకుని ఉన్నప్పుడు కనకం ఫోనులో ఎద్దు గంట మోగింది, ఆకలని. దాన్ని ఆర్పెయ్యమని పెద్దలు కసిరినారు. నేను గోడవైపు తిరిగి గడ్డి వేసినాను. చావింట్లో మనుషులు పస్తుంటారు, పశువును పస్తు పెట్టరు కదా. నా వేలు సరిగా ఆడదు. గడ్డి నొక్కబోయి దానికి స్నానం చేయించినాను, మళ్లీ నొక్కితే మళ్లీ స్నానం. ఎద్దుకు జలుబు చేయకపోవడం మీ ఆట గొప్పతనమే.

రోజూ పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని గడ్డి వేస్తాను. ఆ కాసేపు కనకం పక్కనే ఉన్నట్టు ఉంటుంది. ఇల్లంతా నిశ్శబ్దం అమ్మణీ, భరించలేకున్నాను. ఎద్దు కూడా పోతే నీకేం మిగులుతుందయ్యా అని ఎవరూ అడగలేదు. నన్ను నేనే అడుక్కున్నాను. అయినా ఆమె మాట ఆమె మాటే.

రూపాయి తిరిగి ఇస్తాను. అయితే ఫోనులో వేయను. బేరం చెడితే వెల చేతిలోనే పెట్టాల. వీరాయిని రమ్మని కబురు పెట్టినాను. అక్క చావుకు వచ్చి వాకిట్లోనే నిలబడి వెనక్కి పోయిన మనిషి. వస్తుందో రాదో తెలియదు.

ఇట్లు,
సుందరమూర్తి

తా.క.: ఒకరి పేరుతో ఇంకొకరు గడ్డి వేయడం కూడా నేరమా? అయితే అదీ రాసుకోండి. అన్నీ ఒకేసారి తీర్చుకుంటాను.

*

హైదరాబాదు

సుందరమూర్తి గారికి,

తుది నిర్ణయం తెలియజేస్తున్నాను. కరియన్ మీద శాశ్వత ముద్ర పడింది. దాన్ని ఇకపై ఎవరూ అమ్మలేరు, కొనలేరు, ఇంకొకరికి ఇవ్వలేరు. అది కనకం గారి దొడ్డికే తిరిగి వస్తుంది. పై అధికారితో వాదించాను, ఓడిపోయాను. మీరు ఆమెకిచ్చిన మాట నా వల్ల నిలవలేదు, క్షమించండి. వీరాయి గారి ఖాతా మాత్రం తెరిపించాను.

ఇంకొక నియమం ఉంది. ఖాతాదారు మరణిస్తే ఖాతా మూసేసి, అందులోని పశువులను తీసేయాలి. అందుకు మరణ ధ్రువపత్రం కావాలి. మీరు పంపలేదు, నేను అడగలేదు. మా రికార్డుల ప్రకారం కనకం గారు రోజూ పొద్దున్నే గడ్డి వేస్తున్నారు. అది మార్చాల్సిన అవసరం నాకు కనపడలేదు.

ఇందుజ

తా.క.: దయచేసి ఆ పత్రం పంపకండి. మీ నిజాయితీ తెలుసు గనుక భయంగా ఉంది.

*

సింగానల్లూరు

అమ్మణి ఇందుజకు దీవెనలు. పత్రం పంపను. బీరువాలో చీరల కింద పెట్టేసినాను.

వీరాయి వచ్చింది. పోదనూరులో రైలు దిగి, బస్సు మారి, వాకిట్లో నిలబడింది. లోపలికి రమ్మంటే గడప దగ్గరే కూర్చుంది. రూపాయి చేతిలో పెట్టినాను. వేళ్లు మూయకుండా దాన్నే చూస్తా ఉంది. ఎద్దు తిరిగొచ్చిందని ఫోనులో చూపించినాను. దొడ్డిలో గుంజకు వేలాడే తాడును చూసి, “దీన్ని ఏమిటికి విప్పినావు బావా?” అంది. కనకం చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పినాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, నాకు చేతకాలేదు.

వీరాయి పెద్దగా ఏడ్చింది.

“నేనెక్కడ అమ్మితిని బావా? పాము కరిచి రాత్రికి రాత్రే పడిపోయె. అక్క గుండె కోయించుకొని ఆసుపత్రిలో పండుకొనుండె. ఎట్ల చెప్పేది? అమ్మినానంటే తిడుతుంది, చచ్చిందంటే తానే చచ్చిపోతుంది అనుకుంటిని. తిట్టనీలే అనుకుంటిని. మాటే మానేస్తుందని ఎవరికి తెలుసు?”

“మరి తాడు?”

“చచ్చిన మాడును తాడుతోనే కదా బావా పూడ్చేది! అక్క తాడు అడిగేదాకా నాకు ఆ యోచనే రాలేదు. ఇంకో తాడు కొని చూపించి ఉంటే అయిపోయుండు. నాయన ఎద్దు మీద అంత పొయ్యి, అంత అబద్ధం, నావల్ల కాలే.”

చచ్చిన పశువును తాడుతోనే పూడ్చాలి. మాకందరికీ తెలిసిందే. కనకానికీ తెలుసు, నాకూ తెలుసు. అమ్మినవాళ్ల దొడ్డిలో తాడు లేదంటే ఎందుకు లేదని ఒక్కసారైనా ఆలోచించలేదే! కనకం ఆ మాట వినకుండానే పోయింది.

కరియన్ మెడకు తాడు మళ్లీ కట్టేసినాను. ఇక అమ్మేది లేదు కదా. ఈ పొద్దు గడ్డి వీరాయి వేసింది, కనకం ఫోనులోనే. ఆమె కూడా నాలాగే, ఎద్దుకు ముందు స్నానమే చేయించింది.

ఇట్లు,
సుందరమూర్తి

తా.క.: వీరాయి తన ఫోనులో, ఆటలోని కనకం పేరుకు ఒక కబురు చెప్పింది: “అక్కా, కరియన్‌ను నేను అమ్మలేదు.” వెంటనే మీ ఎర్రగుర్తు పడింది. అమ్మకం మాట ఉన్నందున ఆపేసినారట. ఎద్దును ఆపినారు, ఒప్పుకున్నాను. ఆ ఒక్క మాటను మాత్రం వదలండి అమ్మణీ. మీ రికార్డులో కనకం బతికే ఉంది కదా, చదువుకుంటుంది.