సాంబా రోజైనా మాత్ర మానకు

జెనివాల్దో, నల్ల చిక్కుళ్ళు పొయ్యి మీదున్నాయి, వేడి చేసుకుని తిను. ఉప్పు మాంసం వెయ్యలేదు. ఉప్పు డబ్బా నా సంచిలో వేసుకుని పనికి పోతున్నాను. పక్కింటి జులెయ్దీని అడగకు, ఆమెకూ చెప్పేశాను.

బీపీ మాత్ర గ్లాసు పక్కన పెట్టాను. "సాంబా డాన్సుకెళ్తే బీరు తాగాలి కదా, రెండూ కలిస్తే విషం" అని మళ్ళీ మాత్ర మానేశావో, సీసాలన్నీ కొండమెట్ల మీంచి దొర్లిస్తాను. మానాల్సింది బీరు! కొండ కింద నేను పనిచేసే ఇంటి అమ్మగారికి బీపీ అని ఇన్నేళ్ళూ చప్పిడి కూరలు వండి బతికించాను. నా మొగుణ్ణి బతికించుకోలేనా?

జురేమా

ఇంకో మాట. నిన్న ఆసుపత్రిలో నాకూ బీపీ చూశారు. నీకంటే నాకే ఎక్కువుంది. అయినా నీకంటే ముందు చావను. ఆ సుఖం నీకు దక్కనివ్వను.