మల్లవ్వ పడవలో ప్రక్షిప్తాలు

12 ఏప్రిల్ 2020, ఉదయం

లాక్‌డౌన్ పుణ్యమా అని థీసిస్ కదులుతోంది. మల్లవ్వ పడవ కథకి నాలుగు ప్రతులు, అన్నీ స్కాన్‌లే. మూడు తాళపత్రాలు, ఒకటి కాగితం. దేవత జనాన్ని నది దాటించే చోటే పేచీ. పాత ప్రతిలో పడవెక్కేది నలుగురు. తరవాతి ప్రతుల్లో జనం పెరుగుతూనే ఉన్నారు. “పోశవ్వ యెక్కెను, పడవ నిండదాయె” అని, పేరు మార్చి అదే చరణం, పేజీలకు పేజీలు. రాసేవాళ్ళకి పనీపాటా లేదా? అన్నీ ప్రక్షిప్తాలే, ఎవరో తరవాత చేర్చినవే. తీసి ఫుట్‌నోట్స్‌లో పడేస్తున్నాను. కాగితం ప్రతిలో ఎల్లవ్వ పేరైతే వెంటవెంటనే రెండుసార్లుంది. లేఖకుడు కునికి ఉంటాడు. ఒకటి పూర్తిగా కొట్టేశాను.

15 ఏప్రిల్

గైడ్ భీమరాజు గారు జూమ్‌లో మెచ్చుకున్నారు. కథ కడిగిన ముత్యంలా ఉందన్నారు. నాకూ గర్వంగానే ఉంది.

20 ఏప్రిల్

కాగితం ప్రతి దొరికింది జగిత్యాల దగ్గర ఊళ్ళో. కొన్ని మాటలు అర్థం కావట్లేదు. మా గోదావరి తెలుగుకి అవి అందవు. మా ఆయన ప్రసాద్ ఇక్కడ గల్ఫ్‌లో, ఐకాడ్ పారిశ్రామికవాడలో సేఫ్టీ ఆఫీసరు, కంపెనీలో సగం మంది అటువాళ్ళే. వెల్డర్ వెంకట్రాములుది సరిగ్గా ఆ ఊరేనట. నెంబరు తెచ్చారు.

3 మే

వెంకట్రాములు రూమ్మేట్ రాజమౌళి కోవిడ్‌తో పోయాడు. అతనిదీ ఆ ఊరే. ఇంటికి పంపే వీల్లేదని ఇక్కడే దహనం చేశారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని మాటలకి అర్థాలడగను?

9 మే, సాయంత్రం

వెంకట్రాములే ఫోన్ చేశాడు. నా దగ్గర మల్లవ్వ కథ ఉందని ప్రసాద్ సార్ చెప్పారట. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే, పదకొండో నాడు కథ చెప్పే ఆయన పడవ ఘట్టం చదివి, చివర ఆ మనిషి పేరు కలిపి రాస్తాడట. ముందున్న పేరు ఒక్కటి కూడా దాటెయ్యకూడదట. ఇప్పుడా కథాయన కాగితాలతో సహా వేరే ఊళ్ళో ఇరుక్కుపోయాడు. పేరెక్కకుంటే మనిషి ఒడ్డు మీదనే ఉంటడు మేడమ్, రాజమౌళి వాళ్ళవ్వ అన్నం ముడ్తలేదు, జర మీరే చదవాలె అన్నాడు.

సరేనన్నాను. తరవాత ఫుట్‌నోట్స్ తెరిచాను. నేను తీసేసినవి చరణాలా, మనుషులా?

10 మే

ఏమీ తోచడం లేదు. రూలు ప్రకారం నా తప్పేం లేదు, చేర్చినవి చేర్చినవే. కానీ చేర్చడానికే పుట్టిన కథకి మూలం ఏది? ప్రసాద్‌ని అడిగితే, పాతదీ చేర్చిందీ రెండూ ఉంచెయ్యవోయ్ అని టీ అడిగారు.

13 మే, ఉదయం పది

బోటిమ్ యాప్‌లో కాల్. ఊళ్ళో రాజమౌళి తల్లి భూమవ్వ, లేబర్ క్యాంపులో వెంకట్రాములు, ఇక్కడ నేను. ఫుట్‌నోట్స్‌లోంచి పేర్లన్నీ ఏరి చదువుతూ పోయాను. భూమవ్వ ఆపమంది. ఇంకో ఎల్లవ్వ ఏది బిడ్డా అంది. మొదటి ఎల్లవ్వ ఆమె అత్తట. రెండో ఎల్లవ్వ ఆ పేరే పెట్టిన తన కూతురట, చిన్నప్పుడే పోయిందట.

నేను పూర్తిగా కొట్టేసిన పేరది. సిగ్గేసింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. అత్త ఎక్కింది, పిల్ల ఎక్కింది. అందరి తరవాత రాజమౌళి ఎక్కాడు. అవతల ఏడుపు. ఖలాస్ మేడమ్, ఇగ అవ్వ తింటది అన్నాడు వెంకట్రాములు.

రాస్తివా బిడ్డా అని భూమవ్వ అడిగింది. రాశానన్నాను. అప్పటికి రాయలేదు. ఫోన్ పెట్టాక టైప్ చేశాను.

2 జూన్

ఫుట్‌నోట్స్‌లోంచి అందర్నీ పైకి తెచ్చి గైడ్ గారికి పంపాను. పరిష్కరించానో, పాడుచేశానో తెలీదు.

6 జూన్

భీమరాజు గారి మెయిల్. రాజమౌళి ఏ ప్రతిలో ఉన్నాడు అని.

నా ప్రతిలో సార్, అని పంపాను.