గోడ మీది నా దవడ

మార్చి 3, సోమవారం

మిషన్‌కి కొత్త సెన్సర్ వేశారు. సర్వీస్ ఇంజనీర్ పొద్దున్నే వచ్చి, మూత విప్పి, లంచ్‌కి ముందే బిగించేశాడు. టెస్ట్ కోసం ఒక బొమ్మ తియ్యాలన్నాడు. అందుకు మా డెంటల్ ఎక్స్‌రే సెంటర్లో ప్లాస్టిక్ పుర్రె ఒకటి ఉండేది. పోయిన నెల బల్ల మీంచి పడి దాని కింది దవడ విరిగింది. ఎవరో ఒకరు నిలబడండి సార్, ఒక్క షాటే కదా, అన్నాడు. అవసరం లేకుండా అలా నిలబడకూడదు. నిలబడ్డాను.

రోజూ పేషెంట్లకి చెప్పే మాటలు నాకు నేనే చెప్పుకున్నాను. గడ్డం ఆనించాలి. ముందు పళ్ళతో పుల్ల కరవాలి. నాలుక అంగిలికి అంటించాలి. మింగకూడదు, కదలకూడదు. తల నిటారుగా ఉందో లేదో చూసేవాడు మాత్రం లేడు. ఆ పని నాది. నేను లోపల ఉన్నాను. బటన్ నొక్కింది రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి. మాట ఆపదు కాబట్టి అందరం రేడియో అంటాం. బటన్ మీద వేలు పెట్టి కూడా, కొంచెం నవ్వండి సార్, పెళ్ళి ఫొటో అనుకోండి, అంది.

బొమ్మ వచ్చింది. తల వాలడం వల్ల వంకరగా వచ్చింది. సెన్సర్ సూపర్ అన్నాడు ఇంజనీర్.

ఎడమ దవడ మూలలో, చెవి కిందికి వచ్చేచోట, నల్లటి మచ్చ. బఠాణీ గింజకంటే పెద్దది. ఎముక తెల్లగా పడుతుంది. నలుపు అంటే అక్కడ ఎముక తక్కువ.

ఇంజనీర్ కాగితం మీద సంతకం పెట్టి పంపించేశాను.

అదే రోజు, సాయంత్రం

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బొమ్మ ముందు చూసేది నేను. ఏముందో చెప్పేది డాక్టర్. ఈ రెంటికీ మధ్య పేషెంట్ నా మొహమే చూస్తాడు. అందుకే ఈ ఉద్యోగంలో మొదట నేర్చుకునేది మిషన్ కాదు, మొహం. నాది పద్నాలుగేళ్ళుగా ఖాళీగానే ఉంది. ఈ రోజు ఎవరైనా చూశారేమో తెలియదు.

ఇంట్లో చెప్పలేదు.

మార్చి 4

కింది పెదవి ఎడమవైపు తిమ్మిరిగా ఉంది. నిన్న పొద్దున లేదు.

మార్చి 5

డాక్టరమ్మకి చూపించాను. పేరు తీసేసి తెర మీద పెట్టాను. ఎందుకలా చేశానో తెలియదు. చాలాసేపు చూసింది. పేషెంట్ బయట ఉన్నాడా అని అడిగింది. ఉంటే లోపలికి పిలువు, ఇలాంటివి నిలబెట్టి చెప్పకూడదు, కూర్చోబెట్టాలి, అంది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆవిడ తెర వైపు చూసి, నా వైపు చూసి, అయ్యో అని మాత్రం అంది.

తర్వాత చెప్పింది. రెండు దారులు. ఒకటి: కొందరికి దవడ లోపలివైపు గుంట ఉంటుంది, లాలాజల గ్రంథి అందులో ఒదిగి కూర్చుంటుంది. బొమ్మలో నల్లగా కనబడుతుంది, అంతే. పెరగదు, ఏమీ చేయదు. రెండు: గడ్డ. గడ్డయితే పెరుగుతుంది, ఎముకని తింటుంది. గుంటయితే దవడలో నరం వెళ్ళే దారికి కింద ఉంటుంది. ఈ బొమ్మలో తల వాలింది కాబట్టి నరానికి పైనుందో కిందనుందో చెప్పలేను. మళ్ళీ ఇదే తియ్యడం దండగ, త్రీడీ స్కాన్ కావాలి. అది పెద్దాసుపత్రిలో ఉంది.

పాత ఎక్స్‌రే ఏమైనా ఉందా అని అడిగింది. ఇదీ నేను రోజూ అందరినీ అడిగే మాటే. పాతదానిలో కూడా ఇదే మచ్చ, ఇంతే ఉంటే భయం లేదు. పాతదానిలో లేకపోతే కొత్తగా పుట్టినట్టు.

ఉంది. వెయిటింగ్ హాల్లో గోడ మీద ఉంది. పదకొండేళ్ళ కిందట, మిషన్ వచ్చిన కొత్తల్లో, మొదట నిలబడిందీ నేనే. ఆ ఫిల్మ్‌నే లైట్ బాక్స్‌లో పెట్టి, అద్దం బిగించి, వచ్చినవాళ్ళు చూడటానికి ఉంచారు. కంప్యూటర్లోది ఎప్పుడో పోయింది. గోడ మీదిది మిగిలింది.

ఇద్దరం వెళ్ళి నిలబడ్డాం. డాక్టరమ్మ మునివేళ్ళ మీద లేచి కుడి మూలన వేలు పెట్టింది. బొమ్మలో పేషెంట్ మనకి ఎదురుగా నిలబడ్డట్టు ఉంటాడు. అతని ఎడమ మన కుడివైపు వస్తుంది. ఆ మూల తెల్లగా, శుభ్రంగా ఉంది. మచ్చ లేదు.

ఆవిడ మొహం ఖాళీ అయింది. ఆ మొహం నాకు తెలుసు. అది నాది.

మార్చి 7

స్కాన్ 17న. అదే రోజు బయాప్సీ, అంటే చిన్న ముక్క కోసి పరీక్షకి పంపడం. సర్జన్ తేదీ ఇచ్చాడు.

ఈ రోజు ఒక డ్రైవర్ ఫైలు తెరిచాను. తెరవాల్సిన పని లేదు. ఆయనకీ ఎడమవైపే. గడ్డం నుంచి చెవిదాకా ఎముక తీసేసి స్టీల్ ప్లేటు వేశారు. బొమ్మలో ప్లేటు జిప్పులా మెరుస్తుంది. ఆరు నెలలకోసారి వచ్చేవాడు. సార్, నా చైన్ బాగానే ఉందా అని అడిగేవాడు. మొహం ఒక పక్కకి దిగిపోయింది, మాట పెదవుల మధ్య నుంచి కారిపోయేది. అయినా జోకులు మానలేదు. టీ స్ట్రాతో తాగుతున్నానండీ, నా స్టయిల్ చూసి మా బస్టాండంతా మొదలుపెట్టారు, అనేవాడు.

పోయిన ఏడాది రెండుసార్లు రావాలి. ఒక్కసారీ రాలేదు. ఫోన్ నంబరు ఉంది. చెయ్యలేదు.

మార్చి 9, ఆదివారం

పొద్దున గడ్డం గీసుకుంటూ దవడ నొక్కి చూశాను. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం మంచిదో కాదో నాకు తెలుసు. దేనికీ సాక్ష్యం కాదు.

పెదవి మీద టూత్‌పిక్ మొనతో గుచ్చి చూసుకుంటున్నాను. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒకసారి తేడా ఉంది, ఒకసారి లేదు. మా ఆవిడ వచ్చి, ఏంటండీ అద్దం ముందు సూదిపోట్లు, చేతబడి బొమ్మకా, అంది. పిప్పిపన్ను అన్నాను. పళ్ళ డాక్టర్ దగ్గర పనిచేస్తూ పిప్పిపన్నా, పరువు తీస్తున్నారు, అంది.

మార్చి 11

ఒక ముసలమ్మ వచ్చింది. బొమ్మ తీశాక ఎప్పట్లాగే, బాగానే ఉందా నాయనా అని అడిగింది. డాక్టరమ్మ చెబుతారు అన్నాను. నీ మొహం చూస్తే భయమేస్తోందయ్యా అంది.

ఆవిడ బొమ్మలో ఏమీ లేదు. ఒక పన్ను పుచ్చింది, అంతే. పిలిచి చెప్పేశాను. పద్ధతి తప్పాను. రేడియో నోరు తెరుచుకుని చూసింది.

మార్చి 13

సర్జన్‌ని కలిశాను. మంచివాడు. ముక్క రిజల్టు వచ్చాకే ఏ సంగతైనా చెబుతానన్నాడు. గడ్డే అయితే ఎంతవరకు తియ్యాలి అని నేనే అడిగాను. చర్మం మీద రాసే పెన్ను తీసి, చెవి కింద నుంచి గడ్డం దగ్గరదాకా నా చెంప మీద గీత గీశాడు. సుమారు ఇంత, అన్నాడు.

ఆ పెన్ను సబ్బుకే సరిగ్గా పోదు. బస్సులో జేబురుమాలు తడిపి రుద్దుతూనే వచ్చాను. పక్క సీటాయన లేచి వేరే చోట కూర్చున్నాడు.

మా ఆవిడ తలుపు తీసి గీత చూసింది. ఏంటది అంది. నేను నా మొహం పెట్టాను, ఉద్యోగం మొహం. ఆ మొహం ఆఫీసులో పెట్టుకోండి, నా దగ్గర కాదు, అంది. చెప్పాను. మొదటి రోజు నుంచి మొత్తం.

కొట్టినంత పని చేసింది. పది రోజులు నా పక్కన పడుకుని, నా చేతి అన్నం తిని, పిప్పిపన్నంటారా, అంది. తర్వాత మెత్తబడింది. చెంప మీద కొబ్బరినూనె రాసి గీత తుడిచింది.

మార్చి 15, శనివారం

వివరంగా రాసుకోవాలి.

అదేదో నేనూ చూస్తాను అంది మా ఆవిడ. మధ్యాహ్నం షిఫ్ట్ అయ్యే టైముకి సెంటర్‌కి వచ్చింది. డాక్టరమ్మ వెళ్ళిపోయింది. హాలు ఖాళీ. గోడ మీది ఫిల్మ్ దగ్గరికి తీసుకెళ్ళి, ఇది పాతది, ఈ మూల చూడు, మచ్చ లేదు, కొత్తదానిలో ఉంది, అందుకే భయం, అని చెప్పాను.

ఆవిడ మూల చూడలేదు. పళ్ళు చూస్తోంది. మీ వంకర పన్ను ఇదే కదూ అంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన పన్ను అది. కింద జ్ఞానదంతం, సగం చిగుళ్ళలో, అడ్డంగా పడుకుని ఉంటుంది. పీకించుకోమని పెళ్ళయినప్పటి నుంచి పోరుతోంది. కుడివైపుది కదా, ఇదిగో, అని బొమ్మకి కుడివైపు చూపించింది.

బొమ్మలో అలా కాదే, మన కుడివైపు కనబడేది పేషెంట్ ఎడమ, అనబోయాను. రోజూ పేషెంట్లకి చెప్పే వాక్యం. సగంలో ఆగింది.

నా నాలుక వంకర పన్ను మీదికి వెళ్ళింది. కుడివైపే ఉంది. నిజంగా కుడివైపు పన్నయితే బొమ్మలో ఎడమ పక్కన పడాలి. ఇక్కడ కుడి పక్కన ఉంది.

ఫిల్మ్ తిరగేసి పెట్టారు.

రెండేళ్ళ కిందట గోడలకి రంగులు వేశారు. పెయింటరే బాక్స్ దింపి ఫిల్మ్ తీశాడు, పెయింటరే పెట్టాడు. వెనక ముందు అతనికెలా తెలుస్తుంది? మరి నాకు? వేరేవాళ్ళ బొమ్మయితే గుమ్మంలోంచే పట్టేసేవాణ్ణి. నాది కాబట్టి పట్టలేదు. రోజూ అద్దంలో నా వంకర పన్ను కుడివైపే కనబడుతుంది. తిరగేసిన ఫిల్మ్ అద్దంలాగే ఉంది. నన్ను నేను చూసుకున్నాను, బొమ్మని చూడలేదు. డాక్టరమ్మ ఆ మూల ఒక్కటే చూసింది.

అయితే నా అసలు ఎడమ దవడ ఈ ఫిల్మ్‌లో ఎడమ పక్కన ఉండాలి. అక్కడ రేడియో అంటించిన పెద్ద స్టిక్కర్ ఉంది. సెల్‌ఫోన్‌లో గట్టిగా మాట్లాడరాదు, అని.

గోటితో గీకాను. సగమే వచ్చింది. మా ఆవిడ బ్యాగులోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. జిగురు కింద ముందు ఎల్ అక్షరం కనబడింది, తిరగబడి. ఎడమ అని గుర్తు. ఇంకా గీకాను.

మచ్చ ఉంది.

పదకొండేళ్ళుగా ఉంది. కానీ ఉండటం ఒకటే చాలదు. ఇంతే ఉండాలి. స్కేలు పెట్టి కొలిచాను. కొత్తదానికీ దీనికీ తేడా ఉంది, కొంచెం. తల వాలితే బొమ్మ సాగుతుంది, అందువల్ల కావచ్చు. పెరగడం వల్లా కావచ్చు.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. రెండుసార్లు చెప్పించుకుంది. స్కాన్ అయ్యేవరకు సర్జన్‌కి కత్తి పట్టొద్దని నేను చెబుతాను, కానీ స్కాన్ మానొద్దు, అంది.

మార్చి 17, ఉదయం

పెద్దాసుపత్రి. స్కాన్ తీసినవాడికి పాతికేళ్ళుంటాయి. గడ్డం ఆనించండి, మింగకండి, కదలకండి. మాట పొల్లు పోకుండా నా మాటలే. మిషన్ తిరిగి ఆగింది. అద్దం అవతల వాడి తెర వెలిగింది. నేను వాడి మొహం చూశాను.

ఏమీ లేదు. బాగా నేర్చుకున్నాడు.

బాగానే ఉందా అని అడిగాను. డాక్టర్‌గారు చెబుతారండీ అన్నాడు.

మార్చి 19

గుంట. నరానికి కింద, లోపలివైపు తెరుచుకుని ఉన్న గుంట. గడ్డ లేదు. కోత లేదు. ఏడాదికోసారి బొమ్మ తీయించుకుంటే చాలు. పెదవి తిమ్మిరి ఎప్పుడు పోయిందో గమనించలేదు.

మార్చి 24

ఫిల్మ్ సరిగ్గా తిప్పి పెట్టాను. మచ్చ ఇప్పుడు అందరికీ కనబడుతోంది. పొద్దున ఒక పెద్దాయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ మూలంతా నల్లగా ఉందేంటండీ, మనిషి ఉన్నాడా, పోయాడా, అని అడిగాడు. ఉన్నాడు, ఇక్కడే పనిచేస్తాడు, అన్నాను. నవ్వాడు. లోపలికి తీసుకెళ్ళి గడ్డం ఆనించమన్నాను.

ఆయన బొమ్మ వచ్చింది. దవడలో నల్లటి మచ్చ, నరానికి పైన. ఆయన నా మొహం చూస్తున్నాడు.

కుర్చీ ఆయన వైపు జరిపాను.