శ్రీ బీరప్ప గారి కాలు విషయం

కట్టంగూర్, 1963 మార్చి

గుట్ట కంకర క్యాంపు అసిస్టెంట్ ఇంజనీరు గారి సముఖమునకు, అదే క్యాంపులో రాళ్లు మోయు కూలి, ప్రస్తుతము సర్కారు దవాఖానలో మంచము పట్టి ఉన్న కురుమ బీరప్ప పెట్టుకొను అర్జీ.

విషయం: సహకూలి ఇస్రాయేలు జాతి వైరముతో నా కాలు విరుగగొట్టెనను నేరము కొట్టివేయుట గురించి, మరియు తమరి 'గారు' ఉత్తర్వు రద్దు చేయుట గురించి.

అయ్యా,

నేను చదువు రాని వాడను. పడుకొని నేను చెప్పుచుండగా ఇంకొకరు ఈ కాగితము వ్రాయుచున్నారు. వారి పేరు చివర చెప్పెదను, ముందే చెప్పినచో తమరు చదువరు. మంచి మాటలతో మొదలుపెట్టుమని వారు నాకు సలహా ఇచ్చినారు. నా దగ్గర మంచి మాటలు లేవు. కుడికాలు చీలమండ పై వరకు తీసివేసినారు. మిగిలిన కోపమునకు వరుస నంబర్లు వేసి తమరికి సమర్పించుకొనుచున్నాను.

1. తమరు క్రిందటి దసరా తరువాత కోస్తా నుండి మా క్యాంపుకు బదిలీపై వచ్చినారు. అప్పటికే ఆ గుట్ట మీద కట్టంగూర్ కురుమలము, చర్చి వాడవారు, పాలమూరు నుండి వచ్చిన వడ్డెరలు, రాళ్లకు మందు పెట్టి పేల్చు ఖాజా మియా, అందరము ఏండ్ల తరబడి పని చేయుచుంటిమి. తమరు డేరా బయట కుర్చీ వేసుకొని మా మాటలు విన్నారు. నేను ఇస్రాయేలును "ఓ ఆదివారమోడా" అనుట, వాడు నన్ను "ఓ గొర్లోడా" అనుట, ఖాజా మియా మా ఇద్దరిని కలిపి తిట్టుట విన్నారు. విని, ఈ క్యాంపులో జాతి వైరములు ప్రబలి ఉన్నవని పై ఆఫీసుకు రిపోర్టు పంపినారు. మమ్ములను పిలిచి ఒక్క మాట అడుగలేదు.

2. అడుగలేదు గనుక ఇప్పుడు చెప్పుచున్నాను. ఇస్రాయేలు ఆదివారం ప్రార్థనకు పోవును. ఆనాడు వాని వంతు రాళ్లు నేను ఎత్తుదును, ఎత్తినంత సేపు వానిని తిట్టుదును. మా బీరప్ప దేవుని పండుగకు నేను పోయినపుడు నా వంతు వాడు ఎత్తును, వచ్చిన తరువాత వారమంతా నన్ను దెప్పును. దీనిని మా దిక్కు బదులు పని అందురు. తిట్టు లేని బదులు మేమెరుగము. నోరు మూసుకొని మన పని చేసిపెట్టినవాడు లోపల ఏమి పెట్టుకున్నాడో అని మాకు భయము.

నేను మంచివాడనని చెప్పుకొనుట లేదు. మొదటి ఏడాది నేను వానిని కులము పేరు పెట్టి పిలిచితిని. వాడు నిండు కంకర గంప ఎత్తి నా నెత్తిన బోర్లించినాడు. మళ్లీ ఆ మాట నా నోట రాలేదు. ఆ సంగతిలో నాకు ఆ గంపయే ఉత్తర్వు, తమరి బోర్డు అక్కరలేకపోయెను.

3. అయినను తమరు తారు పీపా ఎక్కి నిలబడి ఉపన్యాసము ఇచ్చినారు. "భిన్న కులముల, భిన్న మతముల, భిన్న ప్రాంతముల సోదరులారా" అన్నారు. ఆనాటి నుండి కూలీలు ఒకరినొకరు పేరుకు ముందు 'శ్రీ', వెనుక 'గారు' చేర్చి పిలువవలెనని, నిందావాచకము పలికినవానికి ఆ పూట కూలి కోయబడునని బోర్డు పెట్టించినారు. వినుటకు క్లర్కు లచ్చయ్యను మా నడుమ తిప్పినారు. గుట్ట మీద నోళ్లు మూతపడినవి. పాట కూడ ఆగినది, పాటలో ఏ మాటకు కోత పడునో ఎవరికి తెలియును?

ఆ వారములోనే ఇస్రాయేలు తమరి క్వార్టరుకు కట్టెలు మోసి, దాహమని అడిగినాడు. తమరి ఇంటివారు చెంబు చేతికియ్యలేదు. వాకిట్లో వంగి దోసిలి పట్టమని పైనుండి నీళ్లు పోసినారు. పోయుచు "తాగండి ఇస్రాయేలు గారూ" అన్నారట. వాడు ఇది నాకు నవ్వుతూ చెప్పినాడు. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండినది. ఇప్పటికీ మండుచున్నది.

4. ఇక కాలు సంగతి. ఆనాడు ఇస్రాయేలు గుట్ట పైన గడ్డపారతో రాళ్లు సడలించుచున్నాడు. నేను క్రింద వంగి తట్టలో కంకర నింపుచున్నాను. వాడు తోయని రాయి ఒకటి ప్రక్క నుండి తానే జారినది. ఇదివరకైతే వాడు "గొర్లోడా!" అని ఒక్క కేక వేయును, నేను తల ఎత్తకముందే ప్రక్కకు దుముకుదును. ఆ కేక మా ఇద్దరికి అంత అలవాటు. కాని ఆనాడు క్లర్కు వాని ప్రక్కనే నిలబడి ఉండెను. ముందటి దినమే వానికి ఒక పూట కూలి పోయి, ఇంట్లో పొయ్యి రాజలేదు. అందుచేత వాడు తమరి ఉత్తర్వు ప్రకారము "శ్రీ బీరప్ప గారూ! జరగండి!" అని అరచినాడు.

అయ్యా, నేను విన్నాను. నాకు చెవుడు లేదు. కాని పుట్టిన నాటి నుండి నన్ను ఎవరును గారు అనలేదు. మా ఇంటిది బక్కమ్మ "ఓ అయ్యా" అనును, పటేలు "ఏయ్" అనును, గొర్రెలు ఏమియు అనవు. ఎవరో బీరప్ప గారను పెద్ద ఆఫీసరు రోడ్డు మీద దిగినాడనుకొంటిని. తలగుడ్డ సర్దుకొని, దండము పెట్టుటకు రోడ్డు దిక్కు తిరిగితిని. రాయి వెనుక నుండి వచ్చినది.

అప్పుడు వాడు ఉత్తర్వు మరచి "ఓ గొర్లోడా!" అని ప్రాణము పోవునట్లు అరచినాడు. ఆ కేకకు దుమికితిని. ఒక కాలు దుమికినది, ఇంకొకటి రాయి క్రింద ఉండిపోయినది. ఆ కేక కూడ లేకున్నచో ఈ అర్జీ పెట్టుకొనుటకు నేను ఉండను.

క్లర్కు గారు బోర్డు దిక్కు చూచుచుండగా, ఇస్రాయేలు దిగి వచ్చి నన్ను వీపున వేసుకొని రోడ్డు దాక పరుగెత్తినాడు.

"సస్తే సూడు మల్ల. మొన్నటి ఆదివారం బదులు నీకింక బాకీ ఉన్న. నన్ను బాకీల ఉంచి పోతవార?"

"మెల్లగ నడువురా ఆదివారమోడా, కాలు ఊగుతాంది."

"ఊగుతాందంటే ఇంక ఉన్నట్టే గదరా. నోర్ముయ్."

ఖాజా మియా, మందు పేల్చునపుడు పట్టుకొను ఎర్రగుడ్డతో రోడ్డుకు అడ్డము నిలబడి లారీని ఆపినాడు. లారీలో ఇస్రాయేలు దవాఖాన వచ్చువరకు నన్ను తిట్టుచునే ఉన్నాడు. నేను కన్ను మూయకుండుటకు అట్లు చేసినాడని తరువాత తెలిసినది.

5. క్లర్కు తమరికి ఇచ్చిన రిపోర్టు ఇట్లున్నదని విన్నాను: "ఇస్రాయేలు అను క్రైస్తవ కూలి, కురుమ కూలిని జాతి నిందావాచకముతో సంబోధించుచు రాయి దొర్లించెను." మొదటి కేక ఆ రిపోర్టులో లేదు. అది మర్యాదగా ఉన్నందున వ్రాయతగినదిగా తోచలేదు కాబోలు.

తమరు నా మంచము దగ్గరికి వచ్చి "భయపడకండి బీరప్ప గారూ, మీ వర్గానికి న్యాయం చేస్తాం" అన్నారు. "రాయి వాడు తొయ్యలే సారూ, దానంతటదే జారింది" అని చెప్పితిని. "మీరు భయంతో అలా అంటున్నారు" అన్నారు. ఎవరికి భయము? కాలు పోయినవాని మాట కూడ నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముదురు? సోమవారం విచారణ అని, ఆపైన వానిని పోలీసుల వశము చేతుమని చెప్పి తమరు వెళ్లిపోయినారు. వాని భార్య మారెమ్మకు నెలలు నిండినవి. వాడు జైలుకు పోయినచో ఆమెను దవాఖానకు తెచ్చువాడు కూడ లేడు.

ఇంకొక సంగతి. తమరి రిపోర్టు మాట ఊర్లోకి పోయినది. మా కులపువాండ్లు కొందరు "మనోని కాలు తీసినరు" అని కట్టెలు పట్టుకొని చర్చి వాడ దిక్కు చూచుచున్నారు. నిన్న వచ్చినవారిని నేను మంచము మీది నుండి తిట్టి పంపితిని. మళ్లీ వత్తురు. తమరు వచ్చిననాడు లేని వైరము ఇప్పుడు అచ్చముగా తమరు వ్రాసినట్లే తయారగుచున్నది. దానికి ఎవరి కూలి కోయుదురో తెలుపగలరు.

6. కావున నేను కోరునది ఏమనగా, ఇస్రాయేలు మీది నేరము కొట్టివేసి, వానిని అదే గుట్ట మీద అదే పనికి తీసుకొనవలెను. నా మాటను నేను చెప్పినట్లే వ్రాసుకొనవలెను, నా భయమును తమరు కలుపరాదు. బోర్డు పీకివేయవలెను. పీకుటకు మనసు రానిచో, దాని మీద "క్వార్టరులో దాహమడిగిన ఇస్రాయేలుకు చెంబు చేతికియ్యవలెను" అని వ్రాయించగలరు. అప్పుడు గారు అనకున్నను వాడు ఏమియు అనుకొనడు. నా కాలు సంగతి వేరే అర్జీ పెట్టుకొందును, అందులో కోపము ఇంతకంటె ఎక్కువ ఉండును.

ఇందలి కోపమును తగ్గించక, ఉన్నది ఉన్నట్లు చిత్తగించవలెను.

తమ విధేయుడు (సోమవారం వరకు),
శ్రీ బీరప్ప గారు
ఎడమచేతి బొటనవ్రేలి నిశాని

తా.క. ఇక్కడి సంది నేను చెప్పింది చెప్పినట్టే రాయుమన్న. గీ కాగితం రాసినోడు ఇస్రాయేలే. మిషన్ బడిల సదువుకున్నోడు మా గుట్ట మీద వాడొక్కడే. తన మీది తిట్లు తనే రాసిండు, ఒక్కటి గూడ ఇడువలే. ఎనుకకు సదివి ఇనిపియ్యిరా అంటే అన్నీ సక్కగనే సదివిండు. "శ్రీ బీరప్ప గారూ, జరగండి" అన్న కాడికి వచ్చి ఆగిండు. మల్ల మొదలుపెట్టిండు, మల్ల ఆగిండు. "ఏందిరా ఆదివారమోడా, నోట్లె మట్టి పడ్డదా?" అన్న. "సదువుతున్న తియ్యిరా గొర్లోడా" అన్నడు, గని సదువలే. మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. గా మాట వాని నోట మల్ల ఎన్నడు పలికియ్యకుండ్రి సారూ. సోమవారం వాని ఈపు మీదనే ఇచారణకు వస్తున్న. తొవ్వ పొడుగూత తిట్టుకుంటనే వస్తం. ఎంత కోసుకుంటరో కోసుకోండ్రి.