అమ్మ బియ్యం డబ్బా

అమ్మా,

నువ్వు వెళ్ళిపోయి నిన్నటి ఆదివారానికి ఏడాది. నీ జ్ఞాపకార్థం చర్చిలో పాతిక కిలోల బస్తా ఇచ్చాను. గవర్నర్‌పేటలో ఏరి కొన్న సన్నబియ్యం. పాస్టరుగారు అందరి ముందూ నా పేరు చెప్పి మెచ్చుకున్నారు. నాకూ బాగానే అనిపించింది, అబద్ధమెందుకు.

బయటికి రాగానే, నీతో స్త్రీల కూడికకు వచ్చే మరియమ్మత్త నా చెయ్యి పట్టుకుంది.

"బస్తా సరేగానీ అమ్మాయ్, మీ అమ్మ డబ్బా ఏదీ? పొయ్యి వెలిగించే వేళకి మా పేర్లు దేవుడికి చెబుతుందని మాకో ధైర్యం ఉండేది."

నీ పాలపొడి డబ్బా! రోజూ వంటకు కొలిచిన బియ్యంలోంచే గుప్పెడు తీసి, చర్చి కోసం అందులో వేసేదానివి. ఇంట్లో బస్తాలోంచి తీయొచ్చుగా అని అడిగితే, "మన కంచంలో ముద్ద తగ్గితేనే పక్కవాళ్ళు గుర్తుంటారే పిల్లా" అనేదానివి. ఎవరో ఒకరి కోసం ప్రార్థించేదాకా గుప్పిట విప్పేదానివి కాదు. ఒకరోజు నా పరీక్షలు, ఇంకోరోజు ఎదురింటి తాగుబోతు కృపాదానం. నేను నవ్వేదాన్ని.

ఈ ఏడాదిలో ఒక్క ఆదివారమూ మానలేదు. పాటలన్నీ పుస్తకం చూడకుండానే పాడుతున్నాను. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను.

ఈ ఉదయం అటక మీంచి డబ్బా దింపి, కడిగి తుడిచాను. ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి కళ్ళు మూసుకున్నాను. ముందు నీ పేరే వచ్చింది. నీకిక ఎవరి ప్రార్థనా అక్కర్లేదు. ఇంకో పేరు కోసం వెతుక్కుంటూ అలాగే నిలబడ్డాను.

ఎసరు మరిగిపోతూనే ఉంది. నా గుప్పిట ఇంకా విడలేదమ్మా.