మా తెల్ల కారుకు జ్వరం

ఫిబ్రవరి 1, ఆదివారం

మా ఆయనది మళ్ళీ అదే మాట. ఎడమ చేత్తో స్పూను పట్టుకుని, చారన్నం మీంచి తల ఎత్తకుండా — "కారు అమ్మేస్తాం లే. ఊరికే నిలబెట్టి తుప్పు పట్టిచ్చేదెందుకు?"

ఇంకాస్త చారు పోశాను. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడు నేను చారు పోస్తాను. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

వానాకాలంలో పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కోపమైతే అసలు పోనే లేదు. కుడి చేతికి మాత్రం పట్టు రాలేదు. అప్పటి నుంచి ఇంటి పక్క మెకానిక్ షెడ్డుకు తాళం. ఆళ్ళగడ్డలో ఎవరి బండి మొరాయించినా "మద్దిలేటన్నను పిల్చుకరాపో" అనేవాళ్ళు. ఇప్పుడా మద్దిలేటన్న కుడి చేతిని తువ్వాలు కింద దాచుకుని వరండాలో కూర్చుంటాడు. ఎవరైనా పలకరించడానికి వస్తే నిద్ర నటిస్తాడు.

ఈ కారు కూడా పోతే మనిషి ఇక లేవడు. అందుకే అమ్మనివ్వను. ఎలా ఆపాలో మాత్రం తెలియడం లేదు.

ఫిబ్రవరి 2, సోమవారం

కారు స్టార్టు కాలేదు. తాళం తిప్పితే "టక్" — అంతే.

వరండాలోంచి గొంతు. "లైట్లేసి తిప్పు."

వేసి తిప్పాను. లైట్లు ఆరిపోయేటంత మసకబారాయి. చెప్పాను.

"బ్యాటరీ తలకాయలు చూడు. బూజు పట్టింటాది."

పట్టింది. తెల్లగా, పచ్చగా, పాత ఊరగాయ జాడీ మూతకు పట్టినట్టు. స్పానరు పెట్టబోతే కేక — "ముందు మైనస్ ఇప్పు! ప్లస్సు ముందిప్పి యాడన్నా తగిలిస్తే నిప్పులు రాల్తాయి." వేడినీళ్ళు పోసి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఆరబెట్టి, గ్రీజు పూసి బిగించాను. తిప్పగానే అందుకుంది. నాకు ఎంత సంతోషమో!

"బిగిచ్చినావా, ఊరికే తగిలిచ్చినావా?" అని మాత్రం అడిగాడు. అడిగాడు కదా. చాలు.

ఫిబ్రవరి 4, బుధవారం

నంద్యాల కార్ల బ్రోకరుకు నాకు చెప్పకుండా ఫోన్ చేశాడు. శివరాత్రి అయ్యాక, సోమవారం వచ్చి కారు చూస్తానన్నాడట.

ఒళ్ళు మండింది. వచ్చే గురువారం చేతి డాక్టరు దగ్గరికి నంద్యాల పోవాలి. "బస్సు వద్దు, కార్లోనే పోదాం, నేను నడుపుతా" అన్నాను.

"దార్లో నిలబడితే?"

"నిలబడితే అమ్మేద్దాం. నిలబడకుండా పోయొస్తే బ్రోకరును రావద్దని చెప్పాల."

"యాడా ఆగగూడదు. పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ. మాట మీదుంటావా?"

"ఉంటా."

రోషానికి అనేశాను. నాకేం తెలుసు ఇంజను గురించి? జాకెట్లు కుట్టుకునేదాన్ని. నడపడం నేర్పింది ఆయనే, అహోబిలం రోడ్డు మీద, పెళ్ళయిన కొత్తలో. బాగు చేయడం నేర్పలేదు.

ఫిబ్రవరి 5, గురువారం

పొద్దున స్టార్టు చేయగానే కీచుమని అరుపు. పక్కింటి కుక్క కూడా అందుకుంది.

ఇది నాకు తెలుసు! కుట్టు మిషను బెల్టు వదులైనా ఇంతే, చక్రం తిరుగుతుంది కానీ సూది మొరాయిస్తుంది. ఫ్యాను బెల్టు దగ్గర వేలు పెట్టి చూస్తే వదులే. చెప్పాను. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి.

"బొటనేలుతో నొక్కు. అరంగుళం పోవాల. మరీ బిగిస్తే బేరింగు తింటాది."

బిగించాను. అరుపు పోయింది. కుక్క మాత్రం చాలాసేపు మొరిగింది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఇంజను ఒక కాలు కుంటుతోంది. ఆయన వరండాలో కళ్ళు మూసుకుని విన్నాడు. "ఒక్కో ప్లగ్గు వైరు పీకు, మళ్ళా పెట్టు. పొడిగుడ్డతో పట్టుకో, లేకుంటే షాకు కొడ్తాది. ఏది పీకితే చప్పుడు మారదో అదే దొంగ."

మొదటిది పీకాను — ఇంజను వణికింది. రెండోది — వణికింది. మూడోది — ఏమీ కాలేదు. "అదే!" — ఇద్దరం ఒక్కసారే అరిచాం.

ప్లగ్గు మసి బొగ్గు. తోమి పెట్టాను. గోళ్ళు నల్లబడ్డాయి. జాకెట్టు కోసం వచ్చినామెను రేపు రమ్మన్నాను... ఆమె నా చేతుల కేసి రెండుసార్లు చూసి పోయింది.

ఫిబ్రవరి 8, ఆదివారం

పుట్టింటికి పోయొచ్చాను, కార్లోనే, ఒక్కదాన్నే. తమ్ముడు ఓబులేసు ఉలవ చెట్లు పీకి రోడ్డు మీద పరిచాడు. మా ఊరివాళ్ళకు తారు రోడ్డే కళ్ళం, పోయే బస్సులే ఎద్దులు. ఆదివారమేమో బళ్ళు తక్కువ.

"అక్కా, మీ కారు ఒక నాలుగు మాట్లు తిప్పక్కా. కాయలు పగల్తాయి."

తిప్పాను. నాలుగు మాట్లేంటి, వాడు చెట్లు తిరగేస్తూ ఉంటే పొద్దు వాలేదాకా అటూ ఇటూ తిప్పాను. చక్రాల కింద పటపట, పొట్టు లేచి అద్దం కనబడదు. "ఎద్దు కన్నా మేలక్కా నీ బండి!" అని వాడి ఎగతాళి. చిన్నప్పుడు నాయన వెనక కళ్ళంలో తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. చాలా రోజులకు హాయిగా ఉంది.

చాటెడు ఉలవలు ఇచ్చాడు. రాత్రికి ఉలవచారు. ఆయన మళ్ళీ పోయించుకున్నాడు. ఉలవలు యాడివే అంటే ఓబులేసు ఇచ్చినాడన్నాను.

ఫిబ్రవరి 9, సోమవారం

అయిపోయింది నా పందెం.

గురువారానికి ముందు ఒకసారి చూసుకుందామని నంద్యాల దారిలో శిరివెళ్ళ దాకా పోయాను. వేగం అందుకునేసరికి వేడి ముల్లు లేచింది. లేస్తూనే ఉంది. ఎర్రగీత దగ్గర పక్కకు తీసి ఆపాను. బానెట్ ఎత్తితే సెగ మొహానికి కొట్టింది. రేడియేటరు మూత మాత్రం ముట్టుకోలేదు, వేడి మీద తీస్తే మొహం ఉడుకుతుందని ఎప్పుడో తిట్టి మరీ చెప్పాడు. చల్లారాక నీళ్ళు చూస్తే నిండుగానే ఉన్నాయి. కారడం లేదు. మరెందుకీ జ్వరం?

నిదానంగా ఇంటికి తెచ్చాను. దాచలేక చెప్పేశాను.

నవ్వుతాడనుకున్నాను, "నే చెప్పలే?" అంటాడనుకున్నాను. అనలేదు. "నిలబడినప్పుడు ఎక్కిందా, పోతాండంగ ఎక్కిందా?"

"పోతాండంగ. నిదానంగా వస్తే దిగింది."

"అయితే ఫ్యాను కాదు." లేచాడు. మెట్లు దిగి బానెట్ దాకా వచ్చి నిలబడ్డాడు. ఎన్ని నెలలైందో ఆ చోటుకు వచ్చి.

ఫిబ్రవరి 10, మంగళవారం

థర్మోస్టాట్ అని ఒకటుంది. వేడెక్కితే తలుపు తెరిచి నీళ్ళు వదులుతుందట. అది మూసుకునిపోయిందేమోనని అనుమానం. ఆయన చెప్పినట్టు విప్పి, దారం కట్టి, గిన్నెలో నీళ్ళు పోసి, దాంట్లో వేలాడదీసి పొయ్యి మీద పెట్టాను. మా వంటింటికి ఏ గతి పట్టింది!

ఆయన గడప మీద కూర్చున్నాడు. ఇద్దరం గిన్నెలోకే చూస్తున్నాం, పాలు పొంగడం కోసం చూసినట్టు. నీళ్ళు మరగబోయే ముందు అది మెల్లగా చేప నోరు తెరిచినట్టు తెరుచుకుంది.

"బాగుండాది. ఇది దొంగ కాదు."

దొంగ దొరకలేదు. అయినా ఈ పూట బాగుంది. ఆయన కాఫీ అడిగి తాగాడు.

ఫిబ్రవరి 11, బుధవారం

ఇది పూర్తిగా రాయాలి.

పైపు పెట్టి రేడియేటర్లో నీళ్ళు పోశాను. పైన పోస్తే కింద ధారగా వచ్చేశాయి. ఆయన గడ్డం గీరుకున్నాడు.

"నీళ్ళు పోతాండాయి. గాలి పోతాందా?"

ఎలా తెలుస్తుందన్నాను.

"టార్చి తీస్కో. ఇంజను తట్టు నుంచి రేడియేటరు ఎనక పెట్టు. నేను ముందు నుంచి చూస్తా."

ముందుకు పోయి, బంపరు పట్టుకుని, కష్టంగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను వెనక టార్చి వేశాను.

"వేసినావా?"

"వేసినా."

"వెలుగే రాలేదే!"

ముందు జాలీలోంచి ఎడమ చేతి వేళ్ళు దూర్చి ఏదో పీకాడు. గుప్పెడు. వెలుతుర్లో పెట్టి చూశాడు. వాసన చూశాడు. నా వైపు చూశాడు.

"ఏందే ఇది?"

నాకప్పుడు వెలిగింది. టార్చి ఆర్పేశాను.

"ఉలవ పొట్టు గదా ఇది... ఏమే, కారుతో కళ్ళం తొక్కిచ్చినావా?"

"ఓబులేసు నాలుగు మాట్లే తిప్పమన్నాడు..."

ఇక నవ్వడం మొదలుపెట్టాడు. నేల మీదే చతికిలబడి, బంపరుకు ఆనుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా. "దానికి జ్వరం రాక ఏమొస్తాది! ముక్కు నిండా పొట్టు కుక్కి... నాకు ఉలవచారు పోసి..." దగ్గు, మళ్ళీ నవ్వు. మొదట నాకు కోపం వచ్చింది, ఇంత పని చేస్తే నన్ను చూసి నవ్వుతాడా అని. తర్వాత ఆపుకోలేకపోయాను. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. ఆ పొట్టును దేవుడి గూట్లో పెట్టుకోవాలనిపించింది.

"ఎనక నుంచి ముందుకు కొట్టు నీళ్ళు. ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగుతాది." కొట్టాను. బురదలా కారింది. ఇరుక్కున్న పుల్లల్ని నా కుట్లు విప్పే సూదితో ఒక్కొక్కటే లాగాను. మళ్ళీ టార్చి పెడితే ఆయన మొహమంతా సన్న సన్న వెలుగు గీతలు పడ్డాయి.

ఫిబ్రవరి 12, గురువారం

పోవడం హాయిగా పోయాం. ముల్లు సగం దగ్గరే. నేను ముల్లునే చూస్తుంటే "రోడ్డు జూడు, అది యాడికీ పోదు" అని తిట్లు.

డాక్టరు మళ్ళీ అదే: చేతికి పని చెప్పండి, రబ్బరు బంతి నొక్కండి. ఆ బంతిని ఎప్పుడో గోడకేసి కొట్టాడని నేను చెప్పలేదు.

వచ్చేటప్పుడు, శిరివెళ్ళ ఇంకా రాకముందు, రోడ్డు పక్క ఒక పాత కారు. బానెట్ ఎత్తి ఉంది, ఆవిరి. వేపచెట్టు కింద ఒక ముసలామె, చంకలో బిడ్డతో ఒకామె. డ్రైవరు ఫోన్ చెవిలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"ఆపు."

వినబడనట్టే పోనిచ్చాను.

"ఆపమంటాండా గదా!"

"ఆపితే పందెం పోతాది. కారమ్మాల" అన్నాను.

"ముందు ఆపు."

ఆపాను. దిగాడు. తువ్వాలు సీటు మీదే వదిలేసి దిగాడు. ఆ డ్రైవరును అడగడం వినబడింది — "నిలబడినప్పుడు ఎక్కిందా అప్పా, పోతాండంగ ఎక్కిందా?"

రేడియేటరు పైపు కొస పగిలింది. ఆ కాస్త కోసేసి మళ్ళీ తొడగాలి. డ్రైవరు కోశాడు. తొడిగి క్లిప్పు బిగించేది నేనే చేస్తానన్నాడు ఈయన. కుడి చేత్తో పైపు పట్టుకుని, ఎడమ చేత్తో స్క్రూడ్రైవరు. పైపు జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. నేను చేయి పెట్టబోయాను.

"నువ్వుండు."

నేను రోడ్డు వైపు తిరిగాను. చూస్తూ ఉంటే ఏడ్చేస్తానని. ఏదో లారీ పోయింది, ఇంకేదో పోయింది. వెనక ఇంజను స్టార్టయిన చప్పుడు వచ్చేదాకా తిరగలేదు. పట్టు నిలిచి బిగించాడో, చివరికి డ్రైవరే పట్టుకున్నాడో అడగలేదు. ముసలామె ఆయన్ను "సల్లగుండు నాయనా" అంది. కార్లో కూర్చున్నాక కుడి చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. తువ్వాలు కప్పుకోలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

దార్లో ఆగిన మాట నిజమే. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నేను చచ్చినా ఎత్తను.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. ఒక్కపొద్దు. నీరసంగా ఉన్నా మనసు తేలిగ్గా ఉంది. మహానందికి పోయే బళ్ళు తెల్లారినప్పటి నుంచీ. ఆయన వరండాలో కూర్చుని ఒక్కోదానికి జబ్బు చెబుతున్నాడు. "దానికి సైలెన్సరు పగిలింది... ఆ ఆటోకు క్లచ్చు పోతాంది, కొండెక్కదు..."

ఫిబ్రవరి 16, సోమవారం

బ్రోకరు ఫోన్ చేశాడు, మధ్యాహ్నానికి వస్తాడట. ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను. "రా అప్పా, చూస్తువులే" అని పెట్టేశాడు.

"చూసి ఏం చేస్తాడు?" అన్నాను.

"చూస్తాడు."

మొండిఘటం. ఇంక మాట్లాడితే గొడవైతుందని మిషను దగ్గర కూర్చున్నాను. ఆ ఆలస్యమైన జాకెట్టు. కత్తెర కోసం లేస్తే, గుమ్మం పక్క మేకుకు షెడ్డు తాళంచెవి లేదు. వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది.

ఇప్పుడే షెడ్డులో ఏదో ఇనుప వస్తువు కింద పడింది. కాసేపటికి మళ్ళీ పడింది... మళ్ళీ. ఎడమ చేత్తో పట్టుకుంటే ఇన్నిసార్లు జారదు.

పోయి చూడాలని ఉంది. పోను. మిషను తొక్కుతూ వింటున్నాను.